బంకు ట్యాంకు లీకైతే నేలను, నీటిని ఎలా పరీక్షిస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోల్ బంకులో మనకు కనిపించేది పైనున్న పంపులు మాత్రమే. ఇంధనమంతా నేల కింద పాతిన ట్యాంకుల్లో ఉంటుంది. అక్కడ లీకు మొదలైతే నెలల తరబడి ఎవరికీ తెలియకపోవచ్చు. బంకు పక్కన ఇల్లు, బోరు ఉన్నవాళ్లు, డీలర్లు, పాత బంకు స్థలం కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి.

మా బోరు నీళ్లలో పెట్రోల్ వాసన వస్తోంది. ముందు ఏం చేయాలి?

ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం వెంటనే ఆపేయండి. మరిగించి వాడదామనుకోవద్దు. పెట్రోల్‌లోని బెంజీన్ 80 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది కాబట్టి మరిగించినప్పుడు అది వంటగది గాలిలో కలుస్తుంది, దాన్నే మీరు పీలుస్తారు. తలుపులు మూసిన బాత్‌రూంలో ఆ నీళ్లతో వేడి స్నానం చేసినా అంతే. ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉందన్న ధీమా వద్దు, ఇలాంటి ఆవిరయ్యే రసాయనాలను ఆపడానికి దాని మీద ఆధారపడలేం. యాక్టివేటెడ్ కార్బన్ ఆపుతుంది, కానీ అది నిండిపోయిన రోజు మీకు చెప్పదు.

మోటారు వీలైనంత తక్కువ వాడండి. మీరు తోడేకొద్దీ లీకైన ఇంధనం మీ బోరు వైపే వస్తుంది. బోరు చుట్టూ గొయ్యి ఉండి అందులో వాసన గట్టిగా వస్తుంటే దగ్గర్లో స్విచ్చులు వేయొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. పాత దిగుడుబావి అయితే లోపలికి ఎవరినీ దించొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది కనుక బావిలో అడుగున పేరుకుంటుంది, దిగిన మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. తర్వాత తేదీతో సహా అంతా రాసిపెట్టండి: వాసన ఏ రోజు మొదలైంది, వాన పడ్డాక పెరిగిందా తగ్గిందా, చుట్టుపక్కల ఇంకెవరి బోర్లలో వస్తోంది. దర్యాప్తు చేసేవాళ్లకు ఈ కాగితం చాలా పనికొస్తుంది.

వాసన లేదంటే నీళ్లు బాగున్నట్టేనా?

కాదు. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అమెరికా హద్దు 5. బెంజీన్ వాసన మన ముక్కుకు తెలియాలంటే నీటిలో అది మిల్లీగ్రాముల లెక్కన ఉండాలి, అంటే హద్దుకు వందల రెట్లు పైన. వాసన వస్తే సమస్య ఉన్నట్టే. రాకపోతే పరీక్ష చేయించేదాకా ఏమీ చెప్పలేం.

ఏవో కొన్ని లీటర్లు కారితే అంత ప్రమాదమా?

ఒక్క లీటరుతో లెక్క వేద్దాం. బీఎస్-6 పెట్రోల్‌లో బెంజీన్ పరిమాణంలో 1 శాతం దాకా ఉండొచ్చు. లీటరులో 10 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 8.8 గ్రాములు. అది మొత్తం నీటిలో కరిగిందనుకుంటే, లీటరుకు 10 మైక్రోగ్రాముల స్థాయికి పలచన చేయడానికి సుమారు 8 లక్షల 80 వేల లీటర్ల నీళ్లు కావాలి. నిజానికి అంతా కరగదు. కొంత ఆవిరవుతుంది, కొంత మట్టికి అంటుకుంటుంది, కొంత సూక్ష్మజీవులు తినేస్తాయి. అయినా రోజుకు ఒకటి రెండు లీటర్ల చొప్పున ఏడాదిపాటు కారే లీకును చిన్నదని ఎందుకనకూడదో ఈ లెక్క చెబుతుంది.

లీకు ట్యాంకు నుంచే వస్తుందా?

అందరూ ట్యాంకునే అనుమానిస్తారు. పైపులు, వాటి జాయింట్లు, పంపు కింద ఉండే కనెక్షన్లు, ట్యాంకర్ నుంచి దింపేటప్పుడు ఫిల్ పైపు దగ్గర ఒలకడం కూడా అంతే ముఖ్యమైన దారులు. ట్యాంకులోని సబ్‌మెర్సిబుల్ పంపు ఇంధనాన్ని ఒత్తిడితో పైపులోకి నెట్టే ఏర్పాటులో పైపుకు చిల్లు పడితే ఇంధనం గట్టిగా బయటికి చిమ్ముతుంది. పాత పద్ధతిలో పైనున్న పంపు ఇంధనాన్ని పీల్చుకుంటుంది. అలాంటి పైపుకు చిల్లు పడితే గాలి లోపలికి పోయి పంపు సరిగా ఎక్కదు. అదే ఒక హెచ్చరిక.

నల్లరేగడి నేలల్లో ఇంకో చిక్కుంది. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. ఏటా ఇలా కదిలే నేలలో ఇనుప పైపు జాయింట్లు వదులవుతాయి, కారిన ఇంధనం ఆ బీటల్లోంచి నేరుగా కిందికి దిగుతుంది.

స్టాక్ లెక్కలో రోజూ తేడా వస్తోంది. లీకైనట్టేనా?

తొందరపడొద్దు. వేడికి పెట్రోల్ వ్యాకోచిస్తుంది. పది వేల లీటర్ల పెట్రోల్ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే పరిమాణం 95 నుంచి 100 లీటర్ల దాకా మారిపోతుంది. మండుటెండలో వచ్చిన ట్యాంకర్ లోడు నేల కింద చల్లబడితే లెక్కలో "షార్టేజీ" కనిపిస్తుంది. ట్యాంకులో ముంచి మట్టం కొలిచే డిప్ రాడ్ రీడింగ్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూఇటూ అయినా లీటర్ల తేడా వస్తుంది. మీటర్ల కాలిబ్రేషన్‌లోనూ తప్పు ఉండొచ్చు.

చూడాల్సింది తేడా తీరు. ఉష్ణోగ్రత వల్ల వచ్చే తేడా కొన్ని రోజులు ప్లస్, కొన్ని రోజులు మైనస్ ఉంటుంది. లీకు తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది. అమ్మకం లేని రాత్రివేళ కూడా మట్టం తగ్గుతుంటే ట్యాంకును అనుమానించాలి. అమ్మకం ఎక్కువున్న రోజుల్లోనే నష్టం పెరిగితే పైపును, మీటరును చూడాలి. వానల తర్వాత వాటర్ పేస్ట్ (నీళ్లు తగిలితే రంగు మారే పూత) రాసిన డిప్ రాడ్‌కు అడుగున నీళ్లు తగిలితే అదీ గట్టి ఆధారమే. మూత దగ్గర్నుంచి కాకుండా ట్యాంకు గోడలోంచి నీళ్లు లోపలికి రాగలిగితే, భూగర్భ జలాల మట్టం తగ్గినప్పుడు ఇంధనం అదే దారిలో బయటికి పోతుంది.

పెట్రోల్ నేలలోకి దిగాక ఏమవుతుంది?

ఈ విషయం అర్థమైతే దర్యాప్తు అంతా అర్థమైనట్టే. ట్యాంకు చుట్టూ సాధారణంగా ఇసుక నింపి ఉంటుంది. కారిన ఇంధనం మొదట ఆ ఇసుక గుంటలో చేరి, పల్లంగా ఉన్న వైపు నుంచి బయటికి పారుతుంది. కొంత మట్టి రేణువుల మధ్య చిక్కుకుపోతుంది. మిగిలింది నీటిమట్టం దాకా దిగి, నీటికంటే తేలిక కాబట్టి దానిపై తేలుతుంది. అలా తేలుతూ తనలోని బెంజీన్, టోలుయిన్ లాంటివి కొద్దికొద్దిగా నీటిలోకి వదులుతూ ఉంటుంది. నీటి ప్రవాహంతో పాటు దూరం పోయేది ఈ కరిగిన భాగమే. మరికొంత ఆవిరై పైకి వచ్చి సెల్లార్లు, డ్రైనేజీలు, కేబుల్ డక్టుల్లో చేరుతుంది.

మన దగ్గర నీటిమట్టం ఏడాది పొడవునా ఒకచోట ఉండదు. వేసవిలో మీటర్ల కొద్దీ పడిపోతుంది, వానాకాలంలో ఎగబాకుతుంది. తేలుతున్న ఇంధనం దాంతోపాటే దిగి, ఎక్కి, మధ్యలోని మట్టి మొత్తానికీ అంటుకుంటుంది. అందుకే మే నెలలో కనిపించని పెట్రోల్ సెప్టెంబరులో కనిపించొచ్చు, లేదా దీనికి సరిగ్గా రివర్స్ జరగొచ్చు. ఒకే ఒక్క సీజన్‌లో పరీక్ష చేసి "ఏమీ లేదు" అని రాసిన రిపోర్టును నేనైతే నమ్మను.

తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు రాయి. రాయిలో నీళ్లు పగుళ్ల వెంటే నడుస్తాయి. ఇంధనం కూడా అంతే. బంకుకు ఇరవై మీటర్ల దూరంలో ఉన్న బోరు శుభ్రంగా ఉండి, వంద మీటర్ల అవతల పగులు తగిలిన బోరు పాడవడం ఇక్కడ వింతేమీ కాదు. పైగా మన బోర్లకు కేసింగ్ పైపు రాయి తగిలేదాకానే వేస్తారు. ఆ పైపు అడుగు సందులోంచి మొరం పొరలోని కలుషిత నీరు లోపలికి జారి వెయ్యి అడుగుల లోతుకు కూడా చేరుతుంది. కోనసీమలోనో కృష్ణా డెల్టాలోనో కథ వేరు. అక్కడ నీళ్లు పైపైనే ఉంటాయి, ఒండ్రు మట్టిలో కాలుష్యం ఒక చారలా మెల్లగా పాకుతుంది, జాడ తీయడం తేలిక.

దర్యాప్తు ఎక్కడ మొదలుపెట్టాలి?

కాగితాల దగ్గర. బోరు బండిని పిలవడం తర్వాతి సంగతి. ట్యాంకులు ఎప్పుడు పాతారు, ఎన్ని, ఏది పెట్రోల్, ఏది డీజిల్, పైపులు ఎటు వెళ్లాయి, ఎప్పుడైనా మార్చారా, ప్రెషర్ టెస్టు రిపోర్టులు ఏం చెబుతున్నాయి, గత రెండు మూడేళ్ల స్టాక్ రిజిస్టర్, ట్యాంకర్ ఒలికిన సంఘటనలు. పెట్రోలియం చట్టం 1934, పెట్రోలియం నిబంధనలు 2002 కింద లైసెన్సు ఇచ్చేది నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ). లైసెన్సుతో పాటు ఆమోదించిన ప్లాన్‌లో ట్యాంకుల స్థానాలు ఉంటాయి.

తర్వాత చుట్టుపక్కల తిరిగి చూడాలి. ఎవరికి బోర్లున్నాయి, ఎంత లోతు, సెల్లార్లున్న అపార్ట్‌మెంట్లు ఏవి, మురుగు కాల్వ ఎటు పోతుంది, పక్కన మెకానిక్ షెడ్డో మరో పాత బంకో ఉందా. ఇవన్నీ కలిపి, ఇంధనం ఎక్కడ కారి, ఏ దారిలో పోయి, ఎవరికి చేరుతోందో ఒక ఊహాచిత్రం గీస్తారు. తర్వాత తవ్వే ప్రతి గుంటా ఆ ఊహ నిజమా కాదా అని తేల్చడానికే.

పరీక్ష బోర్లు ఎన్ని వేయాలి? ఎక్కడ వేయాలి?

నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియాలంటే కనీసం మూడు కావాలి, అవి ఒకే వరుసలో ఉండకూడదు. మూడింటి తలల ఎత్తు సర్వే చేసి, ఒకే రోజు నీటిమట్టం కొలిస్తే వాలు తెలుస్తుంది. ఒకటి ఎగువన, మిగతావి ట్యాంకు గుంట దగ్గర, దిగువన ఉండాలి. ఎగువది లేకపోతే కాలుష్యం బంకుదా, పైనుంచి వచ్చిందా అన్న వాదన ఎప్పటికీ తెగదు. పక్క అపార్ట్‌మెంటు బోరు రోజంతా నడుస్తుంటే నీళ్లు నేల వాలును వదిలేసి ఆ బోరు వైపే తిరుగుతాయి. ఆ బోరు నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆపాక ఒకసారి మట్టాలు కొలవాలి.

మామూలు నీటి బోరు బండితో ఈ పని చేయకూడదు. అది కంప్రెసర్ గాలితో రాతి పొడిని పైకి ఊదేస్తుంది, మనం వెతుకుతున్న ఆవిరి పదార్థాలు ఆ గాలితోనే ఎగిరిపోతాయి. పైనున్న కాలుష్యాన్ని కింది పగుళ్లకు కలిపే ప్రమాదం కూడా ఉంది. మట్టిలో, మొరంలో ఆగర్‌తో (తిప్పుతూ తొలిచే మర లాంటి పనిముట్టు) తవ్వాలి. రాయిలోకి దిగక తప్పనప్పుడు పై పొరను ముందు కేసింగ్‌తో, సిమెంటుతో మూసి ఆ తర్వాతే దిగాలి. బంకు ఆవరణలో మొదటి మీటరున్నర చేత్తోనే తవ్వాలి. కింద పైపులు, కరెంటు కేబుళ్లు ఉంటాయి, గాలిలో పెట్రోల్ ఆవిరి 1.4 శాతం దాటితే అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

పరీక్ష బోరులో జల్లెడ పైపు నీటిమట్టానికి పైకీ కిందికీ విస్తరించి ఉండాలి. జల్లెడ భాగం మొత్తం నీటిలో మునిగి ఉంటే పైన తేలే పెట్రోల్ బోరులోకి రాదు. రిపోర్టులో "తేలే ఇంధనం లేదు" అని రాస్తారు, అది అబద్ధం కాదు గానీ నిజమూ కాదు. రిపోర్టు చేతికొస్తే ముందుగా ఈ ఒక్క కొలత చూడండి.

మట్టిని ఎలా పరీక్షిస్తారు?

తవ్వుతున్న కొద్దీ ప్రతి అర మీటరు, మీటరు లోతులో కొంత మట్టిని జిప్ కవర్‌లో వేసి, కొంతసేపు ఉంచి, లోపలి గాలిని పీఐడీ అనే చేతి మీటరుతో కొలుస్తారు. అది బెంజీన్ లాంటివాటిని పడుతుంది, మీథేన్‌ను పట్టదు. ఎక్కువ రీడింగ్ వచ్చిన లోతు నుంచి, నీటిమట్టానికి కాస్త పైనుంచి, కాలుష్యం ఆగిపోయినట్టు కనిపించిన చోటు నుంచి ల్యాబ్‌కు మట్టి తీస్తారు. ల్యాబ్‌కు పంపే మట్టిని కవర్‌లో వేసి పంపితే దారిలోనే సగం ఆవిరైపోతుంది. తూచిన కొద్ది మట్టిని అక్కడికక్కడే మిథనాల్ ఉన్న సీసాలో వేయాలి.

నీళ్లు నేనే బాటిల్‌లో పట్టి ల్యాబ్‌కు ఇవ్వొచ్చా?

కూల్‌డ్రింక్ బాటిల్‌లో పట్టుకెళితే వచ్చేది కాగితం మాత్రమే, ఫలితం కాదు. దీనికి 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు వాడతారు. లోపల ఒక్క గాలిబుడగ కూడా లేకుండా నింపాలి. సూక్ష్మజీవులు తినేయకుండా కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే తగ్గిస్తారు, 4 డిగ్రీల దగ్గర ఐసు పెట్టెలో ఉంచి 14 రోజుల్లోపు పరీక్షిస్తారు. ఒక సీసాను ల్యాబ్‌లోనే శుద్ధజలంతో నింపి, నమూనాలతో పాటు తిప్పి తెస్తారు. అందులోనూ బెంజీన్ కనిపిస్తే దారిలో ఏదో కలిసిందని అర్థం. నమూనాలను పెట్రోల్ డబ్బా ఉన్న కారు డిక్కీలో పెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఓవర్‌హెడ్ ట్యాంకు కుళాయి నుంచి పట్టొద్దు. బోరు దగ్గరే, నిల్వ నీరు పోయాక, ధార మెల్లగా పెట్టి పట్టాలి.

ల్యాబ్‌లో ఏ పరీక్షలు అడగాలి?

మామూలు తాగునీటి పరీక్షలో ఉండే పీహెచ్, కాఠిన్యం, ఫ్లోరైడ్ ఇక్కడ పనికిరావు. "ఆయిల్ అండ్ గ్రీజు" పరీక్ష చేయిస్తే చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ పద్ధతిలో ద్రావకాన్ని ఆవిరి చేసి మిగిలినదాన్ని తూస్తారు. పెట్రోల్ ఆ ద్రావకంతో పాటే ఎగిరిపోతుంది, ఫలితం సున్నా వస్తుంది. రసాయనాలను విడదీసి గుర్తుపట్టే జీసీ-ఎంఎస్ మిషన్ మీద బెంజీన్, టోలుయిన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్లు, నాఫ్తలీన్, ఎంటీబీఈ (పెట్రోల్‌లో కలిపే ఒక రసాయనం) అడగండి. వాటితో పాటు మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లను పెట్రోల్ శ్రేణి, డీజిల్ శ్రేణి వేరువేరుగా ఇవ్వమనండి. ల్యాబ్ కొలవగలిగే కనిష్ఠ స్థాయి 10 మైక్రోగ్రాముల కంటే తక్కువేనా అని ముందే కనుక్కోండి. 50 కంటే తక్కువ ఉంటే చూడలేని మిషన్ "లేదు" అని చెబితే దానికి విలువేముంది?

పక్కపక్కనే రెండు బంకులున్నాయి. ఎవరిదో తేల్చగలరా?

చాలాసార్లు తేల్చవచ్చు. పెట్రోలా, డీజిలా, కిరోసినా అన్నది ల్యాబ్ గ్రాఫ్ చూస్తేనే తెలుస్తుంది. పాతదా కొత్తదా అన్నది కొంతవరకు చెప్పొచ్చు, ఎందుకంటే తేలికగా కరిగేవి, ఆవిరయ్యేవి ముందు పోతాయి. దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. సీసంతో పాటు వాడిన ఇథిలీన్ డైబ్రోమైడ్ కనిపిస్తే ఆ లీకు అంతకుముందుదని అనుమానించొచ్చు. కానీ రెండు బంకులూ ఒకే డిపో నుంచి ఇంధనం తెచ్చుకుంటే రసాయనం తేడా చూపదు. అప్పుడు నీటి ప్రవాహ దిశ, స్టాక్ రిజిస్టర్లే సాక్ష్యం.

ఈ20 పెట్రోల్ వచ్చాక పరిస్థితి మారిందా?

మారింది. ఈ20 అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది, సూక్ష్మజీవులకు అది ఇష్టమైన తిండి. అవి ముందు ఇథనాల్ మీద పడి నేలలోని ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. దాంతో బెంజీన్ తరగడం ఆలస్యమై మరింత దూరం పోతుంది. ఇథనాల్ కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది, పీఐడీ దాన్ని పట్టదని పైన చెప్పుకున్నాం. కాబట్టి సెల్లార్లలో మీథేన్ మీటరు కూడా వాడాలి. ట్యాంకులోకి నీరు చేరితే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. మామూలు వాటర్ పేస్ట్ ఈ పొరను సరిగా చూపకపోవచ్చు, ఇథనాల్ పెట్రోల్‌కు తగిన పేస్ట్ వాడాలి.

బంకుకు ఎంత దూరంలో ఉంటే క్షేమం?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొత్త బంకు పాఠశాలలకు, పది, అంతకుమించి పడకలున్న ఆసుపత్రులకు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల లోపు ఉండకూడదు. స్థలం ఇబ్బంది ఉంటే అదనపు జాగ్రత్తలతో 30 మీటర్లకు తగ్గించొచ్చు. పాత బంకులకు ఇది వెనక్కి వర్తించదు. నా దృష్టిలో, రాతి నేలల్లో బోరు విషయానికొస్తే 50 మీటర్లు భరోసా కాదు. కాలిఫోర్నియాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల 1995లో చేసిన అధ్యయనంలో చాలా బెంజీన్ చారలు సుమారు 80 మీటర్ల లోపే ఆగిపోయాయని తేలింది. అది ఎక్కువగా మట్టి, ఇసుక పొరల సంగతి.

ఎంటీబీఈ మాత్రం ఆ లెక్కకు లొంగలేదు. అది నీటిలో బాగా కరుగుతుంది, తొందరగా తరగదు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం 1996లో తన ముఖ్యమైన బావులను మూసేసి, దాదాపు సగం నీటి సరఫరా కోల్పోయింది. కారణం ఈ ఒక్క రసాయనమే.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. తెలంగాణలో సోమవారం ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) ఉన్నాయి, రసీదు తప్పకుండా తీసుకోండి. ప్రతులు ఆయిల్ కంపెనీకి, పెసోకు, జిల్లా భూగర్భ జల శాఖకు పంపండి. భూగర్భ జల శాఖకు తన సొంత పరిశీలక బోర్లుంటాయి, మీ ప్రాంతపు నీటిమట్టాల చరిత్ర వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జూలైలో కొత్త నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాల జాబితా ఆరు నెలలకోసారి ఇవ్వాలి. సమాచారం అందిన 90 రోజుల్లో రాష్ట్ర మండలి లేదా నియమిత సంస్థ ప్రాథమిక అంచనా వేయాలి, తర్వాత మరో మూడు నెలల్లో వివరమైన సర్వే చేయాలి. నష్టపరిహారం కావాలంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది, మన రెండు రాష్ట్రాలకు చెన్నై బెంచ్. పరిహారానికి అయిదేళ్ల గడువు ఉంటుంది. అది కారణం మొదట తలెత్తిన రోజు నుంచి లెక్క. అందుకే తేదీలు రాసిపెట్టుకోమన్నది.

కాలుష్యం తేలితే శుభ్రం చేయడానికి ఎంతకాలం పడుతుంది?

లీకు ఆపడం, తేలే ఇంధనాన్ని తోడేయడం వారాల్లో, నెలల్లో అయ్యే పని. పాడైన మట్టిని తవ్వి తీయొచ్చు, లేదా నేలలోని ఆవిరిని పీల్చే పంపులు పెట్టొచ్చు. కరిగిన కాలుష్యం తగ్గడానికి ఏళ్లు పడుతుంది. మిగతాది ప్రకృతి చూసుకుంటుందని వదిలేసే పద్ధతి కూడా ఉంది. కానీ దానికి ప్రతి సీజన్‌లో నీటిలోని ఆక్సిజన్, నైట్రేట్, సల్ఫేట్, కరిగిన ఇనుము, మీథేన్ కొలిచి తగ్గుతోందని నిరూపించాలి. కొలవకుండా వదిలేస్తే దాన్ని పద్ధతి అనరు.

మూతపడిన పాత బంకు స్థలం కొంటున్నాం. ఏం చూడాలి?

ట్యాంకులు తీశారా, అక్కడే వదిలేసి ఇసుక నింపారా అని ముందు అడగండి. తీసి ఉంటే గుంట అడుగు నుంచి, నాలుగు గోడల నుంచి మట్టి పరీక్ష చేసిన రిపోర్టు ఉండాలి. లేకపోతే రిజిస్ట్రేషన్‌కు ముందే మీ ఖర్చుతో చేయించండి. సెల్లార్ తవ్వే ప్లాన్ ఉంటే ఇంకా తప్పనిసరి.

అమెరికాలో గ్యాస్ స్టేషన్ కొనబోతున్నాం. అక్కడ ఎలా?

అక్కడ ఈ పనికి నలభై ఏళ్ల అనుభవం ఉంది. 1984లో చట్టం వచ్చింది, 1988లో నిబంధనలు. పాత ట్యాంకులను 1998 డిసెంబరు 22లోగా మార్చాలని, బాగుచేయాలని, లేదా మూసేయాలని గడువు పెట్టారు. ఇప్పటిదాకా నిర్ధారించిన లీకులు 5 లక్షలు దాటాయి. కొనేముందు ఏఎస్‌టీఎం ఈ1527-21 అనే ప్రమాణం ప్రకారం ఫేజ్-1 రిపోర్టు తీసుకుంటారు. అందులో మట్టి తవ్వరు, కాగితాలు, స్థల పరిశీలన, ఇంటర్వ్యూలు మాత్రమే. అందులోని ముఖ్య భాగాలు సాధారణంగా 180 రోజులే చెల్లుతాయి. గ్యాస్ స్టేషన్ అయితే ఫేజ్-2 కూడా, అంటే మట్టి, నీటి నమూనాలు కూడా చేయించండి. పాత యజమాని కాలపు కాలుష్యం ఎంతో కొన్న రోజుకే నమోదై ఉంటే, తర్వాత వచ్చే క్లెయిములలో ఎవరి వాటా ఎంతో తేల్చడం సులువు. ఆ రాష్ట్రపు ట్యాంకుల నిధికి (లీకుల శుభ్రత ఖర్చుకు సాయపడే నిధి) ఈ స్టేషన్ అర్హమేనా, యజమాని మారినప్పుడు అర్హత కొనసాగుతుందా అన్నది లాయరుతో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే సంతకం పెట్టండి.